చదువు ఖర్చు: ఎవరూ రాయని లెక్క
(ఆచార్య జయశంకర్ స్మారకోపన్యాసం)



ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారి పేరు మీద జరిగే సభలో ఉద్యమం ముచ్చట వినాలని చాలామంది వస్తారు. ఆ ముచ్చట నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నాకు మాత్రం ఆయన పేరు వినగానే ముందుగా ఆర్థికశాస్త్రం చదివిన మాస్టారు గుర్తుకొస్తారు. 1934 ఆగస్టు 6న ఆత్మకూరు దగ్గరి అక్కంపేటలో పుట్టారు. వరంగల్ సి.కె.ఎం. కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. తెలంగాణకు రావాల్సిన నిధులెన్ని, వచ్చినవెన్ని, ఉద్యోగాల్లో వాటా ఎంత, దక్కింది ఎంత అని అంకెలు ముందు పెట్టి అడిగారు. ఆయన మాట ఊరూరికీ పోయిందంటే అందులో లెక్క ఉండబట్టే. భూపాలపల్లి జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన అలవాటు చేసిన లెక్కను ఇవాళ ఆయన బతుకంతా గడిపిన చోటికే, అంటే కాలేజీ దగ్గరికే తీసుకుపోదామని నా ప్రయత్నం.

ఆచార్యుల వర్ధంతి జూన్ 21. ఏటా సరిగ్గా ఈ రోజుల్లోనే ఇంటర్ పాసైన పిల్లలు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థలో డిగ్రీ సీటుకు ఆప్షన్లు పెట్టుకుంటూ ఉంటారు. ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చినవాళ్లు కౌన్సెలింగ్ కోసం చూస్తుంటారు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మాట ఒకటే: ఫీజెంత? దోస్త్ రిజిస్ట్రేషన్‌కు రెండు వందలు కడితే సరిపోతుంది. డిగ్రీ ఫీజు గవర్నమెంటు ఇస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. చదువు ఇక ఉచితమే అనుకుని పిల్లను పంపుతారు. రెండో సెమిస్టర్ నాటికి ఆ పిల్ల కాలేజీకి పోవడం మానేస్తుంది. ఎందుకు మానిందని ఎవరూ అడగరు. ఆమె ఫీజు కట్టలేక మానలేదు. ఫీజు కానివి కట్టలేక మానింది. ఈ ఉపన్యాసం మొత్తం ఆ మాట చుట్టూనే.

మన ముందుతరం ఈ సంగతిని మనకన్నా బాగా గ్రహించింది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. అదే ఏడాది రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి రెడ్డి హాస్టల్‌కు పునాది వేశారు. జిల్లాల నుంచి పట్నం పోయిన పిల్లవాడికి తరగతి గది ఒక్కటే ఉంటే చాలదని, పడుకోవడానికి చాప, రెండు పూటల బువ్వ, చుట్టూ తనలాంటి పిల్లలు ఉండాలని అప్పటి పెద్దలకు తెలుసు. హాస్టళ్లు కులాలవారీగా వచ్చాయన్నది నిజమే. హాస్టల్ కట్టుకునే స్తోమత లేని కులాలు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న కూడా అక్కడే పుట్టింది. దళిత విద్యార్థుల ఉన్నత చదువుకు కేంద్రం 1944లో స్కాలర్‌షిప్‌లు మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత అవి గిరిజనులకు, వెనుకబడిన వర్గాలకు విస్తరించాయి. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల చొరవతో సాంఘిక సంక్షేమ వసతిగృహాలు బలపడ్డాయి. ఆ రోజుల్లో స్కాలర్‌షిప్ అంటే పిల్లవాడి తిండికి, బట్టకు, పుస్తకానికి ఇచ్చేదని అర్థం. ఫీజు అందులో చిన్న పద్దు.

వరంగల్‌కు వస్తే, హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ పుట్టుక 1927 నాటిది. ఇంజనీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ 1959లో వచ్చాయి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టు 19న ఏర్పడింది. మహబూబాబాద్ తండా పిల్లవాడికి, మహదేవపూర్ అడవి పల్లె పిల్లవాడికి విశ్వవిద్యాలయం హైదరాబాదు కన్నా దగ్గరకు వచ్చింది. దూరం తగ్గడం కూడా ఫీజు తగ్గడం లాంటిదే. అయితే తర్వాతి నలభై ఏళ్లలో చర్చంతా ఫీజు మీదికే మళ్లింది. అది ఎలా మళ్లిందో రెండు మాటల్లో చెబుతాను.

ప్రైవేటు కాలేజీలు పెరిగాక ఎంత వసూలు చేయాలన్న తగాదా సుప్రీంకోర్టుకు ఎక్కింది. మన ఉమ్మడి రాష్ట్రమే ప్రతివాదిగా నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో తీర్పు వచ్చింది. సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్న పద్ధతి అప్పటిది. 2002లో టి.ఎం.ఏ. పై కేసు తీర్పు ఆ పద్ధతిని పక్కనపెట్టింది. కాలేజీ తన ఫీజు తాను పెట్టుకోవచ్చు కానీ లాభాల వ్యాపారం చేయకూడదు, క్యాపిటేషన్ తీసుకోకూడదు అంది. మరుసటి ఏడాది వచ్చిన ఇస్లామిక్ అకాడమీ తీర్పు రిటైర్డ్ హైకోర్టు జడ్జి అధ్యక్షతన ఫీజు కమిటీలు పెట్టమంది. మన దగ్గరి ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ మూలాలు అక్కడున్నాయి. కాలేజీ తన జమాఖర్చులు కమిటీ ముందు పెడుతుంది. జీతాలు, భవనాలు, ల్యాబుల ఖర్చు చూసి మూడేళ్లకు ఒకసారి ఫీజు ఖరారు చేస్తారు. 2022లో ఖరారైన ఇంజనీరింగ్ ఫీజుల్లో తక్కువది ఏడాదికి 45 వేలు, ఎక్కువది ఎం.జి.ఐ.టి. ఫీజు 1 లక్షా 60 వేలు. గమనించండి, కాలేజీ ఖర్చు లెక్క కట్టడానికి ఒక కమిటీ ఉంది, ఆడిటర్లు ఉన్నారు, ఒక జడ్జి ఉన్నారు. చదువుకునే పిల్లవాడి ఖర్చు లెక్క కట్టడానికి ఎవరూ లేరు.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. విద్యార్థి ఫీజును ప్రభుత్వమే చెల్లించే ఈ పథకం వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో పెద్దఎత్తున అమలైంది. దీని మేలును తక్కువ చేసి మాట్లాడేవాణ్ణి కాను. జనగామ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికో ఇంజనీరు కనిపిస్తున్నాడంటే, తండాల్లో మొదటి తరం పట్టభద్రులు వచ్చారంటే దీనివల్లే. అయితే దీని కొలతలు తెలుసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కన్వీనర్ కోటాలో పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు ఉంటే పూర్తి ఫీజు. ఆ ర్యాంకు దాటితే, కొన్ని మినహాయింపులు పోను, 35 వేలే. పదేళ్లు దాటినా ఆ 35 వేలు అలాగే ఉంది. 45 వేల కాలేజీలో చేరితే ఏడాదికి 10 వేలు మనం కట్టాలి. 1 లక్షా 60 వేల కాలేజీలో చేరితే 1 లక్షా 25 వేలు కట్టాలి. నాలుగేళ్లకు 5 లక్షలు. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే రీయింబర్స్‌మెంటే లేదు. ఇన్ని తేడాలున్న సంగతిని చేరేనాడు ఎంతమంది తండ్రులకు విడమరచి చెబుతున్నారు? ‘గవర్నమెంటు ఇస్తది’ అన్న ఒక్క మాట మీద సంతకం పెట్టించుకుంటున్నారు.

రెండో సంగతి, ఇచ్చే డబ్బు వేళకు రాకపోవడం. బకాయిలు పేరుకుపోయి 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు తలుపులు మూశాయి. 2025 నవంబరు మొదట్లో వృత్తివిద్యా కాలేజీలు కూడా బంద్ చేశాయి. ఈ గొడవ ప్రభుత్వానికి, యాజమాన్యాలకు మధ్య ఉన్నట్టు పత్రికల్లో కనబడుతుంది. నిజానికి దీని మిత్తి కట్టేది తండ్రి. కోర్సు అయిపోయి పీజీకో ఉద్యోగానికో టీసీ, మెమోలు కావాల్సి వస్తుంది. ‘మీ స్కాలర్‌షిప్ ఇంకా రాలేదు, డబ్బు కట్టి తీసుకుపోండి, వచ్చాక వాపసు ఇస్తాం’ అంటారు. కేసముద్రం మార్కెట్లో అడ్తి సేటు దగ్గరికి తండ్రి పోతాడు. రాబోయే మిర్చి మీద 35 వేలు తెస్తాడు. రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 700, ఏడాదికి 8,400. రెండేళ్లు ఆలస్యమైతే 16,800. తర్వాత ప్రభుత్వం తన 35 వేలు తాను ఇస్తుంది. ఆ 16,800 మాత్రం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు.

ఇప్పుడు ఫీజు కాని ఖర్చుల దగ్గరికి వద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాలకు మూడు రకాల దూరాలున్నాయి. జనగామ, మహబూబాబాద్ రెండూ రైలు మార్గం మీదే ఉన్నాయి. జనగామ పిల్లవాడికి అటు హైదరాబాదు, ఇటు కాజీపేట రెండూ అందుబాటులో ఉంటాయి. కానీ స్టేషన్ దాకా రావడానికి కొడకండ్ల పిల్లకు బస్సు కావాలి, గూడూరు పిల్లవాడికి ఆటో కావాలి. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు ఉంది, చెల్పూరులో కరెంటు ఫ్యాక్టరీ ఉంది, పిల్లలు ఎక్కడానికి మాత్రం రైలు లేదు. హనుమకొండ పోవాలంటే బస్సే గతి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ఈ ఖర్చు తప్పింది. కాలేజీ చదువు ఖర్చును తగ్గించిన నిర్ణయాల్లో దీన్ని నేను పెద్దదిగానే లెక్కిస్తాను. విద్యాశాఖ పద్దులో లేదు గనుక ఎవరూ దాన్ని విద్యా పథకం అనరు. అయితే టికెట్ ఉచితమైనా బస్సు రావాలి కదా. తొమ్మిదిన్నరకు క్లాసు ఉంటే పదిన్నరకు వచ్చే బస్సు వల్ల ఒరిగేదేమిటి?

రోజూ తిరగలేనివాళ్లు నయీంనగర్‌లోనో కేయూ క్రాస్‌రోడ్డు దగ్గరో రూమ్ తీసుకుంటారు. అక్కడ కిరాయి, అడ్వాన్సు, కరెంటు, గ్యాస్, నెలకింత బియ్యం. ఇంటినుంచి బియ్యం మూట వస్తేనే చాలామందికి నెల గడుస్తుంది. హాస్టల్‌లో సీటు వచ్చినవాళ్లు అదృష్టవంతులు. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే హాస్టల్ విద్యార్థికి మెస్ చార్జీ చాలా ఏళ్లు నెలకు 1,500 ఉండేది, అంటే రోజుకు 50 రూపాయలు. 2024 చివర్లో దాన్ని 2,100కు పెంచారు. రోజుకు 70. పెరిగినందుకు సంతోషమే. ఆ 70 రూపాయల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడికి పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఏదో కొంత, రాత్రి భోజనం పెట్టాలని కూడా గుర్తుంచుకుందాం. 2016-17లో 30 సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు, ఆ తర్వాత గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చాయి. అక్కడ ఫీజు, తిండి, గది ఒకే కప్పు కింద ఉంటాయి. ఆడపిల్లల చదువులో అవి తెచ్చిన మార్పు చూస్తే, పాత రెడ్డి హాస్టల్ ఆలోచనే సరైనదని రుజువవుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు ఒకటుంది. అది జేబులోంచి పోయేది కాదు, జేబులోకి రానిది. దసరా దాటగానే పత్తి ఏరుడు మొదలవుతుంది. సంక్రాంతి దాటితే మిర్చి. జనగామ, మహబూబాబాద్ చేలల్లో కైకిలికి మనిషి దొరకని రోజులు అవే. కాలేజీలో ఉన్న పిల్ల చేనుకు పోకపోతే ఇంట్లో ఒక కైకిలి తగ్గుతుంది. పోతే హాజరు తగ్గుతుంది. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. చదువుకోవడానికి సాయం కావాల్సిన పిల్లే పేదరికం వల్ల హాజరు తప్పి ఆ సాయం పోగొట్టుకుంటుంది. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. అక్కడ కాలేజీ మానేసే కథలు వింటే ఎక్కువసార్లు తగిలేది ఈ ముడే. సెమిస్టర్ క్యాలెండర్ రాసేవాళ్లు పంటల క్యాలెండర్ పక్కన పెట్టుకుని రాయడం అసాధ్యమేమీ కాదు.

వైద్య విద్య సంగతి ఇంకో తీరు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పదేళ్ల కింద ఎవరైనా ఊహించి ఉంటారా? ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటులో కన్వీనర్ సీటుకు 60 వేలు, బి కేటగిరీకి 11 లక్షలు దాటుతుంది. 10 వేల ఫీజున్న ప్రభుత్వ సీటు మన ఊళ్లోనే ఉంది. అయినా మన ఊరి పిల్లలకు అది అందుతోందా? నీట్ ర్యాంకు కోసం హైదరాబాదులోనో విజయవాడలోనో లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకోవాలి. దానికయ్యే డబ్బును ఏ రీయింబర్స్‌మెంటూ ఇవ్వదు. 10 వేల సీటు ముందు లక్షల గడప ఉంది. గడప ఎత్తు తగ్గించకుండా లోపలి గది అద్దె తగ్గించామంటే మేలు జరిగేది గడప దాటగలిగినవాళ్లకే.

అప్పు తీసుకుని చదవొచ్చు కదా అని అడుగుతారు. తీసుకోవచ్చు, తప్పేమీ లేదు. 4 లక్షల దాకా బ్యాంకులు హామీ ఆస్తి అడగకూడదు. కోర్సు పూర్తయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు మొదలవ్వవు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల దాకా అప్పుపై, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే ఆ పథకం మంచి ర్యాంకులున్న సంస్థలకే, మొదట 860 సంస్థలకు సంబంధించింది. వరంగల్ ఎన్.ఐ.టి.లో చేరిన పిల్లకు పనికొస్తుంది. ఆ ఎన్.ఐ.టి.లో సెమిస్టర్ ట్యూషన్ ఫీజు 62,500. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, ఏడాదికి లక్ష లోపు ఆదాయమున్న కుటుంబాలకు అది పూర్తిగా మాఫీ. 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. బయటికి ఖరీదుగా కనబడే చోట పేదపిల్లకు ట్యూషన్ సున్నా కావచ్చు. బయటికి ఉచితంగా కనబడే చోట అప్పు మిగలవచ్చు. అందుకే బోర్డు మీది ఫీజు చూసి కాలేజీని ఎంచుకోవద్దంటాను.

అమెరికా పోయే పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు గనుక ఒక సంగతి చెబుతాను. అక్కడి విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో ట్యూషన్ ఫీజు ఒక గడిలో, ఏడాది జీవన ఖర్చు ఇంకో గడిలో రాసి, కింద మొత్తం వేసి పంపుతారు. ఆ మొత్తానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించమంటారు. ఏడు సముద్రాల అవతలి కాలేజీ మన ఇంటికి రాసే లెక్కను మరిపెడ నుంచి హనుమకొండకు పంపుతున్న పిల్లకు మన కాలేజీ ఎందుకు రాసివ్వకూడదు?

హక్కుల గురించి కూడా కొంత తెలుసుకోవాలి. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోకూడదు. చూసి, సరిపోల్చి, అప్పుడే తిరిగి ఇచ్చేయాలి. ప్రవేశాల గడువుకు 15 రోజులు లేదా అంతకన్నా ముందు సీటు వదులుకుంటే ఫీజు పూర్తిగా వాపసు. ఆ తర్వాత గడువు లోపల 90 శాతం. గడువు దాటిన 15 రోజుల్లో 80 శాతం, నెల లోపు 50 శాతం. పూర్తి వాపసులో ప్రాసెసింగ్ పేరుతో 5 శాతం, అది కూడా 5 వేలకు మించకుండా పట్టుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలు ప్రతి జూనియర్ కాలేజీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఇక నేను అడిగేవి మూడు. మొదటిది కాలేజీలను. చేరేనాడే విద్యార్థికి ఒక కాగితం ఇవ్వండి. మూడేళ్ల ట్యూషన్, ప్రత్యేక ఫీజులు, పరీక్ష ఫీజులు, రికార్డులు, ప్రాజెక్టు, హాస్టల్ లేదా రూమ్ కిరాయి అంచనా, ప్రయాణం, అందులో ప్రభుత్వం ఇచ్చేది ఎంత, ఎప్పుడు, మిగిలేది ఎంత. దోస్త్‌లో కాలేజీ పేరు పక్కనే ఈ మొత్తం కనబడేలా ఉన్నత విద్యామండలి చూడాలి.

రెండోది ప్రభుత్వాన్ని. ఇవ్వగలిగినంతే ప్రకటించండి, ప్రకటించినది ఆ విద్యా సంవత్సరంలోనే ఇవ్వండి. బకాయి ఉన్నన్నాళ్లు ఆ పేరుతో టీసీ ఆపిన కాలేజీ మీద చర్య తీసుకోండి. కొత్త కాలేజీకి శిలాఫలకం వేసే ప్రతిచోటా ముందు ఒక హాస్టల్ కట్టండి.

మూడోది ఈ సభలోని పెద్దలను. మన దగ్గర తల్లిదండ్రుల పేరు మీద విశ్వవిద్యాలయానికి డిపాజిట్ కట్టి గోల్డ్ మెడల్ పెట్టించే మంచి సంప్రదాయం ఉంది. ఆ మెడల్ అందరికన్నా ముందు నిలిచిన పిల్లకు అందుతుంది. ఆ పిల్ల ఎలాగూ నిలబడుతుంది. అదే డిపాజిట్ మీది వడ్డీతో ఏటా పదిమంది మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టొచ్చు, రెండు నెలల రూమ్ కిరాయి ఇవ్వొచ్చు, సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయిన ఒక పిల్లవాణ్ణి విడిపించొచ్చు. ఆ డబ్బు చిన్నదే, కానీ చదువు ఆగేది అలాంటి చిన్న మొత్తాల దగ్గరే.

విద్యార్థులకు ఒక మాట. తన పంట తనదేనని విస్నూరు దొర ముందు నిలబడ్డ చాకలి ఐలమ్మది మన పాలకుర్తే. లెక్క అడగడం తలబిరుసు కాదు. ఈ ఏడు కాలేజీలో చేరబోయే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ‘ఫీజెంత’ అని అడగడం మాని, ‘మూడేళ్లకు మొత్తం ఎంత, రాసివ్వండి’ అని అడగండి. రాసివ్వని చోట చేరకండి. జయశంకర్ సారు పేరు మీద ఇంతకు మించిన స్మారకం మనం కట్టలేం.